కార్డు ఇచ్చేది ఎవరు? ఏఐ కాలంలో ఏజైల్ టీములు, పేట పిల్లల ఉద్యోగాలు

పొద్దున పదిన్నరకు పదిహేను నిమిషాల మీటింగు. సాధారణంగా పదిమందికి మించరు. ఒక్కొక్కరూ మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను. దీన్ని స్టాండప్ అంటారు. రెండు వారాల గడువు పెట్టుకుంటే దాని పేరు స్ప్రింట్. ఆ రెండు వారాల పనినీ చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కార్డు మీద రాసి బోర్డుకెక్కిస్తారు. గోడ మీది బోర్డు పోయి ఇప్పుడు జీరా లాంటి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది కానీ పిలవడం మాత్రం బోర్డనే. గడువు ముగిశాక అందరూ కూర్చుని ఏది సరిగా జరిగింది, ఏది జరగలేదు అని మాట్లాడుకుంటారు, అది రెట్రో. మొత్తం పద్ధతికి ఏజైల్ అని పేరు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న తెలుగు పిల్లల్లో చాలామందికి రోజు ఇలాగే మొదలవుతుంది.

హక్కుల కార్యకర్తలకు దీనితో పనేమిటని అడగొచ్చు. 2008లో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కోనసీమ పేటల నుంచి, భీమవరం, నరసాపురం వైపు పల్లెల నుంచి ఇంజినీరింగ్ చదివిన మొదటి తరం పిల్లలు చేరుకున్నది ఈ బోర్డు ముందుకే. పొలంలో ఎవరికి ఏ పని అన్నది మేస్త్రీ చెప్పేవాడు, అతని వెనక కామందు ఉండేవాడు. పెత్తనం కళ్లకు కనబడేది. ఏజైల్ టీములో ఎవరూ చెప్పరట, టీమే నిర్ణయించుకుంటుందట. ఆ 'టీమే' అన్న మాటలో ఎవరెవరున్నారన్నది మనం అడగాల్సిన ప్రశ్న. ఇప్పుడు ఏఐ వచ్చి ఆ బోర్డు మీది కార్డులనే తారుమారు చేస్తోంది కాబట్టి, ఇప్పుడే అడగాలి.

ముందు ఈ పద్ధతి ఎక్కడిదో చూద్దాం. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిశారు. అందరూ మగవాళ్లే. అప్పట్లో పెద్ద ప్రాజెక్టులన్నీ వందల పేజీల పత్రాలతో, పైనుంచి వచ్చే ఆదేశాలతో నడిచేవి. తయారయ్యేసరికి ఆ సాఫ్ట్‌వేర్ అవసరమే మారిపోయేది. దీనికి విరుగుడుగా వాళ్లొక చిన్న ప్రకటన రాశారు. నియమాలకన్నా మనుషులూ వాళ్ల మధ్య మాటామంతీ ముఖ్యమన్నారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడాన్ని మించింది లేదన్నారు. తనను తాను నడుపుకునే టీము నుంచే మంచి పని వస్తుందన్నారు. ఆఫీసు పెత్తనాన్ని తగ్గించే మాటలివి, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

అయితే పెత్తనాన్ని కాగితం మీంచి తీసేస్తే అది ఎక్కడికి పోతుంది? అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లో ఒక ప్రసంగంలో సరిగ్గా ఈ సంగతే ఎత్తారు. ఆమె మాట్లాడింది స్త్రీ విముక్తి బృందాల గురించి. నాయకులు లేరని చెప్పుకునే చోట నాయకత్వం స్నేహితుల గుంపు చేతిలోకి జారుతుందని, పేరు లేని ఆ అధికారాన్ని నిలదీయడం మరీ కష్టమని ఆమె వాదన. కులం ఉన్న సమాజంలో ఆ స్నేహితుల గుంపు ఎలా తయారవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో ఎంతో మర్యాదగా అడుగుతారు, "మీరేవిట్లండీ?" అని. తెలుగు ఇంటిపేరు ఒక్కదానితోనే కులం తేలదు, ఒకే ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంటుంది. అందుకే ఆ తర్వాత ప్రశ్నలు. ఏ ఊరు? ఊళ్లోనా, పేటలోనా? నాన్నగారేం చేస్తారు? ఆదివారం ఎక్కడికెళ్తారు? డెల్టాలో మిషన్ బడుల చరిత్ర తెలిసినవాళ్లు పేరు వినగానే లెక్క కట్టేస్తారు. ఈ ప్రశ్నలు స్టాండప్‌లో రావు. టీ దగ్గర, భోజనాల దగ్గర, మీటింగు మొదలయ్యే ముందు రెండు నిమిషాల్లో వస్తాయి.

బోర్డు మీద కార్డులన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. అన్నీ ఒకటి కావు. కొత్త పేమెంట్ వ్యవస్థ కట్టే కార్డు ఉంటుంది. దాన్ని క్లయింటు చూస్తాడు, పైవాళ్లు చూస్తారు, అది చేసినవాడి పేరు గుర్తుంటుంది. పదేళ్ల నాటి కోడ్‌లో పగుళ్లు పూడ్చే కార్డు ఉంటుంది. అది ఎంత కష్టమైనా ఎవరికీ గుర్తుండదు. ఏ కార్డుకు ఎంత శ్రమ అన్నది పాయింట్లలో టీమే లెక్కేస్తుంది. రాసిన కోడ్‌ను ఇంకొకరు తనిఖీ చేసి ఒప్పుకోవాలి, అది కోడ్ రివ్యూ. కార్డు పంపకం, పాయింట్లు, రివ్యూ, ఈ మూడూ ఎక్కడా రాతపూర్వక నియమాలు లేని చోట్లు.

ఈ చోట్లలో ఏం జరగొచ్చో ప్రపంచానికి చూపించింది సిస్కో కేసు. కాలిఫోర్నియా పౌర హక్కుల విభాగం 2020 జూన్ 30న సిస్కో మీదా, ఇద్దరు మేనేజర్ల మీదా కేసు వేసింది. అందరూ భారతీయులే ఉన్న ఒక టీములో ఒకే ఒక్క దళిత ఇంజినీరు. ఐఐటీలో తనను ఎరిగిన పై అధికారి, రిజర్వేషన్ మీద సీటు వచ్చినవాడని సహోద్యోగులకు చెప్పాడని, ఆ సంగతి మీద 2016 నవంబర్‌లో హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు చేశాక తన చేతిలో ఉన్న సాంకేతిక బాధ్యతలు తీసేశారని, మీటింగులకు దూరం పెట్టారని ఆరోపణ. కుల వివక్ష చట్టవిరుద్ధమేమీ కాదని లోపలి విచారణలో తేల్చారన్నది ఫిర్యాదులోని ఇంకో మాట. సిస్కో ఈ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023 ఏప్రిల్‌లో ఆ విభాగమే వెనక్కి తీసుకుంది. తీర్పు సంగతి అటుంచి ఆరోపణల స్వభావం చూడండి. ఎవరూ ఎవరినీ గేటు దగ్గర ఆపలేదు. బాధ్యత ఎవరికిచ్చారు, మీటింగుకు ఎవరిని పిలిచారు. ఇవి కార్డు పంపకం లాంటి సంగతులే.

దీనికి సరిపోయే పరిశోధన కూడా ఉంది. ఢిల్లీ పరిసరాల్లో అభిజిత్ బెనర్జీ, మరియన్ బెర్ట్రాండ్ తదితరులు రకరకాల కులాల ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. 2009లో అచ్చయిన ఆ అధ్యయనంలో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పిలుపుల్లో కులాన్ని బట్టి తేడా కనబడలేదు. మన మధ్య కొందరు దీన్ని చూపించి 'ఐటీలో కులం లేదు' అంటుంటారు. ఆ అధ్యయనం కొలిచింది గేటు దగ్గర ఏం జరుగుతుందన్నది మాత్రమే. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో అచ్చయిన తమ అధ్యయనం కోసం కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడినప్పుడు, మెరిట్టే ప్రమాణం అన్నవాళ్లే ఇంటర్వ్యూలో 'కుటుంబ నేపథ్యం' అడుగుతామని మామూలుగా చెప్పారు. దరఖాస్తు దాటి మనిషి ముందుకొచ్చాక మొదలయ్యే కథ అది.

ఏఐ మార్చింది ఏమిటి

గిట్‌హబ్ కోపైలట్ 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది, చాట్‌జీపీటీ అదే ఏడాది నవంబర్ 30న. 2024 అక్టోబర్ నాటికి తమ కొత్త కోడ్‌లో నాలుగో వంతుకు పైగా ఏఐ రాస్తోందని, ఇంజినీర్లు దాన్ని చూసి ఒప్పుకుంటున్నారని సుందర్ పిచాయ్ ప్రకటించారు. ఆ వాక్యంలోనే ఏజైల్ టీములో వచ్చిన మార్పంతా ఉంది. రాసేది యంత్రం, చూసి ఒప్పుకునేది మనిషి. బరువు రాయడం నుంచి రివ్యూ వైపు జరిగింది. ఇంతకుముందు జూనియర్ రాస్తే సీనియర్ చూసేవాడు. ఇప్పుడు యంత్రం రాస్తే సీనియర్ చూస్తున్నాడు. మరి జూనియర్?

టెస్టింగ్, చిన్న బగ్‌లు, పాత కోడ్‌కు వివరణ రాయడం, సపోర్ట్ టికెట్లు. యంత్రం ముందుగా ఎత్తుకుపోతున్న కార్డులివి. పేరు రాని కార్డులే, నిజమే. కానీ కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో చదివి, ఇంట్లో మొదటి ఉద్యోగిగా వచ్చిన పిల్లలకు నిచ్చెన మొదటి మెట్టు అదే. ఆ మెట్టు మీద రెండేళ్లు నిలబడి పని నేర్చుకుని పైకి పోయినవాళ్లు ఎందరో. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు 2025 ఆగస్టులో అమెరికా జీతాల రికార్డుల్ని పరిశీలించి, ఏఐ తాకిడి ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్లవాళ్ల ఉద్యోగాలు మిగతావాటితో పోలిస్తే 13 శాతం తగ్గాయన్నారు. అనుభవం ఉన్నవాళ్ల మీద అంత దెబ్బ పడలేదు. ఇక్కడ 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12,000 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది, ఎక్కువగా మధ్య, పై స్థాయిల్లో. కారణం ఏఐ కాదని, నైపుణ్యాల పొంతన కుదరకపోవడమని సంస్థ అధిపతి అన్నారు. పొంతన కుదిరిందో లేదో తేల్చేది ఎవరన్నది మళ్లీ మొదటి ప్రశ్నే.

కాకినాడలో పెరిగిన సుజాత గిడ్ల 2017లో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' గురించి మనవాళ్లు చాలా మాట్లాడుకున్నారు. ఆమె న్యూయార్క్‌లో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేసేవారని, 2009 ఆర్థిక సంక్షోభంలో ఆ ఉద్యోగం పోయాకే సబ్‌వే కండక్టరయ్యారని అంతగా చెప్పుకోం. ఐటీ ఉద్యోగం తరతరాల భద్రత అని నమ్మే ఇళ్లలో ఈ రెండో సగం కూడా వినాలి.

ఏఐతో పని వేగం పెరుగుతోందా అంటే, కంపెనీలు చెప్పినంత తేలిగ్గా ఏమీ లేదు. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లకు నిజమైన పనులిచ్చి చూసింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లేమో 20 శాతం త్వరగా చేశామనుకున్నారు. గూగుల్ వారి డోరా నివేదిక (2024) ఏఐ వాడకం పెరిగే కొద్దీ సాఫ్ట్‌వేర్ స్థిరత్వం తగ్గుతోందని చెప్పింది. యంత్రం ఒకేసారి గంపెడు కోడ్ కుమ్మరిస్తుంది, ఏజైల్ ప్రాణమేమో చిన్న ముక్కల్లో ఉంది. రెండూ పొసగడం లేదు. అందుకే కొన్ని టీములు స్ప్రింట్లు కుదిస్తున్నాయి, కొన్ని రివ్యూకు విడిగా గంటలు కేటాయిస్తున్నాయి, కొన్ని కార్డు రాయడమే యంత్రానికి అప్పగిస్తున్నాయి.

మేలు లేదనడం అన్యాయం

తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికి స్టాండప్ అంటే ఇంగ్లిష్ భయం. సందేహం అడగాలంటే సీనియర్ ముఖం చూడాలి, 'ఇది కూడా తెలియదా' అన్న చూపు భరించాలి. ఇప్పుడు అర్ధరాత్రి అయినా యంత్రాన్ని అడగొచ్చు, పదిసార్లు అడగొచ్చు. అది 'మీరేవిట్లు' అని అడగదు. ఈ మేలు చిన్నది కాదు. మన విద్యార్థి సంఘాలు ఈ టూల్స్ వాడకం నేర్పించాలి, దూరం పెట్టమని చెప్పకూడదు.

కానీ డెల్టాలో పుట్టినవాళ్లకు కాలువ సంగతి తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నీళ్లు అందరివీ అన్నారు. ఎగువ పొలం తడిశాకే శివారుకు చేరాయి, అసలు పొలమే లేనివాడికి చేరింది కూలి మాత్రమే. సీనియర్ల స్నేహం ఉన్న కుర్రాడికి యంత్రమూ ఉంది, సీనియరూ ఉన్నాడు. యంత్రం ఒక్కటే ఉన్న అమ్మాయి కోడ్ నేర్చుకుంటుంది కానీ, ఆన్‌సైట్‌కు ఎవరి పేరు చెబుతారో, ఏ ప్రాజెక్టు మూతపడబోతోందో యంత్రం చెప్పదు. ఆ కబురు సందేహాలు అడిగే వంకతో ఏర్పడే పరిచయాల్లోనే నడుస్తుంది. ఇంటినుంచి పని, స్లాక్, టీమ్స్ వచ్చాక ఆ పరిచయాలు ఇంకా పలచనయ్యాయి. చూపుల బాధ తగ్గింది, కబురూ తగ్గింది.

ఇక యంత్రానికి కులం తెలియదన్న మాట. తెలుసు. అది చదువుకున్నది మన సమాజం రాసిన రాతలే. ఒక దళిత పరిశోధకుడు ఫెలోషిప్ దరఖాస్తును ఇంగ్లిష్ సరిచేయమని చాట్‌జీపీటీకి ఇస్తే, అది అతని ఇంటిపేరును శర్మగా మార్చేసిన సంగతి 2025 అక్టోబర్‌లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ బయటపెట్టింది. అదే కథనం కోసం కులం గురించిన 105 అసంపూర్ణ వాక్యాలు పూరించమంటే, జీపీటీ-5 80 వాక్యాల్లో మూస కుల భావననే ఎంచుకుంది. విద్యావంతుడంటే ఒక కులం, మురుగు పనంటే ఇంకో కులం. ఇలాంటి మోడల్‌ను రెజ్యూమెలు వడపోయడానికి వాడితే, 2009లో కనీసం గేటు దగ్గర లేదనుకున్న తేడా గేటుకే రావచ్చు.

అన్నీ లెక్కిస్తారు, కులం తప్ప

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. ఏజైల్ టీములో ఒకప్పుడు గాల్లో కలిసిపోయే సంగతులన్నీ ఇప్పుడు నమోదవుతున్నాయి. మీటింగులో ఎవరేం మాట్లాడారో ఏఐ రాసి సారాంశం ఇస్తోంది. ఎన్ని కార్డులు ముగించారు, ఎన్ని పాయింట్లు, రివ్యూలో ఎన్నిసార్లు తిప్పి పంపారు, అన్నీ పట్టికలవుతున్నాయి. పట్టిక నుంచి రేటింగ్ వైపు దారి పడుతోంది. పట్టికకు ఫలానావాడు పగుళ్లు పూడ్చే కార్డులే చేశాడని తెలుసు, వాటినే అతనికి ఎవరు, ఎందుకు ఇచ్చారో తెలియదు. పంపకంలో మనిషి చూపిన కులం, రెండు మెట్లు దాటేసరికి అంకె అవుతుంది. అంకెతో ఎవరూ వాదించరు. మేస్త్రీతో వాదించవచ్చు.

లెక్కపెడితే వివక్ష బయటపడదా? పడుతుంది, లెక్కలో ఆ గడి ఉంటే. గూగుల్‌లో కోడ్ రివ్యూల మీద జరిగి 2022లో అచ్చయిన అధ్యయనం, రివ్యూలో అనవసరమైన ఎదురుదెబ్బ తగిలే అవకాశం మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు 21 శాతం, తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి ఇంజినీర్లకు 54 శాతం, ఆసియా వాళ్లకు 42 శాతం ఎక్కువని తేల్చింది. ఆ 'ఆసియా' గడిలో శర్మా ఉన్నాడు, మాలపేట కుర్రాడూ ఉన్నాడు. కంపెనీల రికార్డుల్లో లింగానికీ జాతికీ గడి ఉంది కాబట్టి ఆ వివక్ష కనబడింది. కులానికి గడి లేదు కాబట్టి కులం లేదంటున్నారు. పేరు దాచేసి రివ్యూ చేయిస్తే సరిపోతుందని కొందరి ఉపాయం. గూగుల్‌లోనే అదీ ప్రయత్నించారు. మామూలు రివ్యూల్లో నాలుగింట మూడొంతులు, రాసిందెవరో చూసేవాళ్లు ఊహించేశారు. పదిమంది టీములో ఎవరి చేతి రాత ఎవరిదో తెలియకుండా ఉండదు.

చట్టం ఎంతవరకు వస్తుంది? 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులాన్ని వివక్ష నిషేధ జాబితాలో చేర్చింది. కాలిఫోర్నియా చట్టసభ అలాంటిదే ఎస్‌బీ 403 బిల్లును ఆమోదిస్తే గవర్నర్ న్యూసమ్ ఆ అక్టోబర్‌లో వీటో చేశారు. మన దగ్గర 1989 అత్యాచార నిరోధక చట్టం ఉంది కానీ, అది ప్రధానంగా దూషణకూ దాడికీ పనికొచ్చేది, కార్డు పంపకానికి కాదు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఇంటర్నెట్‌లో పెట్టిన దూషణ కూడా పదిమంది ముందు చేసినట్టేనని 2022లో కేరళ హైకోర్టు అంది. టీమ్స్ చాట్‌లో వచ్చిన మాటను వాదనకు పెట్టడానికి అది దారి చూపుతుంది. 2023 డేటా రక్షణ చట్టం కింద 'నా గురించి మీ దగ్గరున్న సమాచారం ఇవ్వండి' అని అడగొచ్చని విద్యార్థులు అనుకుంటున్నారు. ఆ హక్కు మనం అనుమతిచ్చిన డేటాకే. ఉద్యోగ అవసరాలకైతే అనుమతి అక్కర్లేదని అదే చట్టం 7వ సెక్షన్ యజమానికి వెసులుబాటు ఇచ్చింది. తలుపు ఉన్నట్టే ఉంది, గడియ లోపలివైపు ఉంది.

కాబట్టి కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ సొంత రికార్డు పెట్టుకోవాలి: ఏ తేదీన ఏ కార్డు అడిగారు, ఏది ఇచ్చారు, ఏ మీటింగు ఆహ్వానం రాలేదు. కంపెనీ కోడ్, పత్రాలు బయటికి తీయకూడదు, అది ఉద్యోగానికే ముప్పు. తేదీలూ సంఘటనలూ చాలు. రెట్రోలో 'కులం' అనక్కర్లేదు, 'గత ఆరు స్ప్రింట్లలో కొత్త పని కార్డులు ఎవరెవరికి వెళ్లాయో చూద్దామా' అంటే చాలు. ఇప్పుడా లెక్క జీరాలో నిమిషంలో వస్తుంది. కార్డులు వంతులవారీగా తిరగాలని అడగడం ఏజైల్‌కు విరుద్ధమేమీ కాదు. శివారు రైతు వంతు అడిగినట్టే.

సంఘాలు అడగాల్సింది ప్రభుత్వాన్ని. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. 2025 అక్టోబర్‌లో గూగుల్ అదే విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతానంది. భూమి ప్రజలది, షరతు పెట్టే హక్కూ ప్రజలదే. షరతులు పెట్టడం కొత్త కాదు, స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని ఈ రాష్ట్రమే 2019లో చట్టం చేసింది. ఎవరెవరిని చేర్చుకున్నారు, ఎవరెవరు టీమ్ లీడ్‌లయ్యారు, ఎవరెవరిని తీసేశారు అన్నది సామాజిక వర్గాలవారీగా ఏటా చెప్పాలన్న ఒక్క వాక్యం ఆ ఒప్పందాల్లో ఉండాలి. 2025 ఆగస్టులో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు ఉన్న ఐదు ప్రాంతీయ కేంద్రాల్లో రాజమహేంద్రవరం ఒకటి. అక్కడికి ఎవరిని తీసుకుంటున్నారు, ఎందరు ఎస్సీలు, అందులో ఎందరు అమ్మాయిలు అన్నది రాష్ట్ర ఐటీ శాఖకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగొచ్చు. ఫీజు పది రూపాయలు.